నాటు తుపాకీ దొరికితే జైలేనా? మధ్యలో ఇంకో దారి ఉండాలి

మన విశాఖలో, గాజువాకలోనో కంచరపాలెంలోనో ఓ కుర్రాడి దగ్గర నాటు తుపాకీ దొరికిందనుకోండి. కాల్చలేదు, ఎవర్నీ బెదిరించలేదు, ఎవడో దాచమన్నాడని దాచాడు, లేదా ఇన్‌స్టాలో బిల్డప్ కోసం కొన్నాడు. వాడికి 17 ఏళ్ళ 11 నెలలైతే కేసు జువెనైల్ బోర్డుకెళ్తుంది, కౌన్సెలింగో కమ్యూనిటీ సర్వీసో, మహా అయితే కొన్నాళ్ళు హోమ్. ఇంకో నెల ఆగి దొరికాడా, ఆయుధాల చట్టం 25వ సెక్షన్! 2019లో సవరించాక కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠం 5 (అంతకుముందు 1 నుంచి 3 ఉండేది). ప్రత్యేక కారణాలు రాసి జడ్జి తగ్గించొచ్చు గానీ దోషి అన్న ముద్ర పోదు కదా.

మన ఊళ్ళో ఆ ముద్ర మామూలుది కాదు. ఇక్కడ కుర్రాళ్ళు పనికెళ్ళేది ఎక్కడికి, స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టుకి, షిప్‌యార్డుకి, డాక్‌యార్డుకి, అన్నిచోట్లా గేట్ పాస్ కావాలి, గేట్ పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్. అది ఆగిపోతే జైల్లో పరిచయమైన బ్యాచే దిక్కు, సెటిల్మెంట్లే ఉద్యోగం. అంటే రెండేళ్ళు మేపి మనమే పెద్ద రౌడీని తయారుచేసి బయటికి పంపుతున్నట్టు.

న్యూయార్క్‌లో లోడెడ్ గన్‌తో దొరికితే మూడున్నరేళ్ళు తప్పదన్నంత గట్టి చట్టం, అయినా బ్రూక్లిన్ ప్రాసిక్యూటర్ ఆఫీసు మొదటిసారి దొరికిన కొందరు కుర్రాళ్ళని జైలుకి బదులు కౌన్సెలింగ్, చదువు, పని ఉండే ప్రోగ్రాంలో పెడుతుంది, పూర్తి చేస్తే కేసు పోతుంది. అక్కడే ఇల్లినాయి రాష్ట్రంలో 2018 నుంచి ఇలాంటిదే చట్టంలోనే ఉంది. అమెరికా మాట మనకెందుకంటారేమో, గంజాయి కేసుల్లో మనకీ ఉంది, మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ ప్రకారం అలవాటుపడ్డవాడు తనంతట తాను ట్రీట్‌మెంట్‌కెళ్ళి పూర్తి చేస్తే వాడినందుకో, కొద్ది మోతాదు దొరికినందుకో పెట్టిన కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు. మత్తుకి ఇచ్చిన ఛాన్స్ ఇక్కడెందుకు ఇవ్వకూడదు?

పాడేరు, చింతపల్లి వైపు కథ మళ్ళీ వేరు, అక్కడ నాటు తుపాకీ చాలామందికి అడవిపందుల నుంచి పంట కాపాడుకునే పనిముట్టు. పంట కాపలాకి మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్స్ ఇచ్చే దారి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది, అది తెలిసిన రైతులెంతమంది?

కాల్చినవాడికీ, బెదిరించినవాడికీ, అమ్మేవాడికీ ఇదేదీ వర్తించకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. రౌడీషీటర్లని స్టేషన్‌కి పిలిచి కౌన్సెలింగ్ ఇస్తుంటారు కదా, అదేదో షీట్ తెరవకముందే ఇవ్వండి అంటున్నా అంతే.

నాకు తేలని ముడి ఒక్కటే. తుపాకీ ఎవడిచ్చాడో చెప్తేనే ప్రోగ్రాంలోకి తీసుకుంటాం అని పోలీసులు షరతు పెడతారు, పెట్టకపోతే వాళ్ళకి గిట్టుబాటు కాదు. కానీ పేరు చెప్పిన కుర్రాడు సాయంత్రం మళ్ళీ ఆ సందులోకే పోవాలి, ఆ అమ్మినవాడు కూడా ఆ సందులోనే ఉంటాడు.