కెప్టెన్ కిర్క్ లావెక్కిన ఆదివారం

అరవై ఏళ్ల కిందటి సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదటిసారి చూడాలంటే కావాల్సినవి ఒక టీవీ, యాభై నిమిషాల తీరిక, ఆ యాభై నిమిషాలూ నోరు కట్టుకుని కూర్చునే మనుషులు. మొదటి రెండూ నెల్లూరు మూలాపేటలో దొరుకుతాయి.

ఆదివారం, సాయంత్రం ఏడు గంటలు. సెలవులకొచ్చిన ఇంజనీరింగ్ మనవడు ఇంటిల్లిపాదికీ ‘స్టార్ ట్రెక్’ చూపించి తీరతానని రిమోట్ పట్టుకున్నాడు. 1966లో అమెరికాలో మొదలైన అసలుది. తర్వాత అదే పేరు తగిలించుకుని వచ్చిన పిల్ల సీరియళ్లు కావు. పడక్కుర్చీలో తాత, రిటైరైన లెక్కల మాస్టారు. సోఫాలో పేపరు చాటున నాయన. నేల మీద కాళ్లు చాపుకుని జేజి, ముందర వక్కాకు పెట్టె. అమ్మ సగం హాల్లో, సగం వంటింట్లో. పొయ్యి మీద చట్టిలో కిలో కొరమీను పులుసు.

వాడు చేసిన మొదటి తప్పు, జాబితాలో అన్నిటికన్నా పైనున్న దాన్ని నొక్కడం. చాలాచోట్ల ఆ పైన కూర్చునేది ‘ది కేజ్’ అనే సున్నా నంబరు ఎపిసోడ్. అది 1964 చివర్లో నమూనాగా తీసింది. ఎన్‌బీసీ టీవీ వాళ్లు చూసి, బుర్రకు పని ఎక్కువైంది, ఇంకోటి తీసుకురండి అన్నారు. రెండో నమూనా నచ్చింది, సీరియల్ ఖాయమైంది. మొదటిదాంట్లో సీరియల్ హీరో కెప్టెన్ కిర్క్ ఉండడు, పైక్ అని వేరే ఆయన ఉంటాడు. స్పాక్ ఉంటాడు గానీ ఆకుల్ని చూసి నవ్వుతాడు. సంగతి తెలిసినవాళ్లకి, మామూలుగా నవ్వని స్పాక్ నవ్వడమంటే, లెక్కల మాస్టారు పరీక్షకు ముందురోజు ప్రశ్నలు చెప్పేసినంత వింత. తెలియనివాళ్లకి, కోసు చెవులాయన ఎవరో నవ్వుతున్నాడు, అంతే.

పది నిమిషాలయ్యాక వాడికి తెలిసొచ్చి అసలు మొదటి ఎపిసోడ్ పెట్టాడు.

“ఇందాకటి కెప్టెన్ యాడికి పోయినాడ్రా?” అంది జేజి.

“ఆయన కాదు జేజీ. ఇకనించి ఈయనే కెప్టెన్.”

“అట్టా చెప్పు. మన సీరియళ్లలోనూ అంతే గదా, ‘ఇకపై ఈ పాత్రలో’ అని కింద అక్షరాలు ఏస్తారు. ఏసుంటారు, నువ్వు చూసుండవు.”

నిజానికి జేజికున్న ఈ అనుభవం పాత సీరియల్ చూసేవాళ్లందరికీ ఉండాలి. ఎందుకంటే తీసిన వరుస వేరు, ప్రసారమైన వరుస వేరు. 1966 సెప్టెంబరు 8న మొట్టమొదట ప్రసారమైంది ‘ది మ్యాన్ ట్రాప్’. దానికన్నా ఏడాది ముందే తీసిన రెండో నమూనా మూడో వారంలో వచ్చింది. వరసగా చూసుకుంటూ పోతే ఆ మూడోదాంట్లో ఉన్నట్టుండి చొక్కాలు మారిపోతాయి, డాక్టరు మారిపోతాడు, సమాధి రాయి మీద కిర్క్ పేరు మధ్యలో అక్షరం కూడా తర్వాతి ఎపిసోడ్లకు సరిపోదు. మన టీవీ చెడిపోలేదు, యాప్ తప్పూ కాదు. అలా ఒప్పుకుని ముందుకు పోవడమే. మొత్తం 79 ఎపిసోడ్లు, మూడు సీజన్లు. చివరిది వచ్చింది 1969 జూన్ 3న. మనిషి చంద్రుడి మీద దిగింది జులై 20న. మనవడు ఈ ముక్క చెప్పగానే మాస్టారు వేళ్లు ముడిచి, “నలభై ఏడు రోజులు తేడా” అన్నారు. ఆ సాయంత్రం మొత్తమ్మీద ఎవరూ కాదనని మాట అదొక్కటే.

తెర మీదికి కెప్టెన్ కిర్క్ వచ్చాడు.

“హీరో అంటివే, ఈయనేందిరా ఇంత లావుండాడు?”

కిర్క్ లావు కాదు. ఆ రోజుల్లో టీవీ బొమ్మ కొలత 4:3, అంటే నాలుగడుగుల వెడల్పుకి మూడడుగుల ఎత్తు. ఇప్పటి టీవీలు 16:9. పాత బొమ్మని కొత్త తెర నిండా పరిచితే అడ్డంగా మూడోవంతు సాగుతుంది. ఎనభై కిలోల మనిషి చూపుకి నూట ఆరు దాటతాడు. ఎవరైనా సరే, ముందు ఒక గ్రహం కనపడేదాకా ఆగి చూడాలి. గ్రహం గుమ్మడికాయలా ఉంటే తప్పు గ్రహానిది కాదు, రిమోట్‌ది. పిక్చర్ సెట్టింగుల్లో సైజు దగ్గరికెళ్లి 4:3 గానీ ‘ఒరిజినల్’ గానీ పెడితే గుమ్మడికాయ బత్తాయి అవుతుంది.

పెట్టాడు. 43 అంగుళాల టీవీలో తెర వెడల్పు 95 సెంటీమీటర్లు; సరైన బొమ్మకి 71 చాలు. అటు పన్నెండు, ఇటు పన్నెండు సెంటీమీటర్లు నల్లగా మిగిలాయి. పేపరు కిందికి దిగింది.

“నలభై మూడంగుళాలకి డబ్బులు కట్టింది ఇట్టా నల్లగుడ్డలు చూసేదానికా?” అన్నాడు నాయన.

రాజీ కోసం వాడు ‘జూమ్’ నొక్కాడు. జూమ్ బొమ్మని సాగదీయదు, నరుకుతుంది. పైనుంచి ఎనిమిదో వంతు, కిందినుంచి ఎనిమిదో వంతు పోతుంది. దగ్గరగా చూపించినప్పుడల్లా స్పాక్‌కి చెవులు మిగిలి జుట్టు పోయింది, డాక్టర్ మెకాయ్‌కి గడ్డం పోయింది. తలకాయల్లేని ఆకాశయానం కంటే నల్లగుడ్డలే నయమని చివరికి అందరూ ఒప్పుకున్నారు. నాయన తప్ప.

దానికన్నా దొంగ సెట్టింగు ఇంకొకటుంది. ఈ సీరియల్ని ఫిల్ము మీద, సెకనుకి 24 బొమ్మల లెక్కన తీశారు. కొత్త టీవీలు కదలిక నున్నగా ఉండాలని మధ్యలో లేని బొమ్మల్ని తామే పుట్టించి దూరుస్తాయి. అప్పుడు ఎంత మంచి ఫిల్మైనా మధ్యాహ్నం డైలీ సీరియల్లా కనపడుతుంది. గుహలో బండలు అట్టబండలని తెలిసిపోతుంది. ‘మోషన్’ అన్న మాట ఎక్కడున్నా వెతికి ఆపేయాలి. ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో మూల దాస్తుంది, ఏదో బంగారమైనట్టు.

ఇంత చేశాక కిర్క్ వాళ్ల అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ గ్రహం చుట్టూ తిరుగుతూ కనపడింది. మాస్టారు లేచి కూర్చున్నారు. “1966లో ఇంత గ్రాఫిక్సా! మనోళ్లు అప్పటికి రంగుల సినిమాకే తంటాలు పడతా ఉండారు.” అది 1966 నాటిది కాదు. 2006లో పాత నెగిటివ్‌లు శుభ్రం చేసినప్పుడు బయటి నౌక దృశ్యాలు కంప్యూటర్ మీద కొత్తగా చేసి అతికించారు. అసలుదాంట్లో నౌక అంటే పదకొండడుగుల బొమ్మ; ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. మనవడు నోరు తెరిచాడు, తాత మొహంలో వెలుగు చూసి మూసుకున్నాడు.

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. “కౌంట్‌డౌన్ ఏదిరా? పొగ ఏదీ?” శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే మిద్దెక్కి తూర్పు-దక్షిణం మూల చూసే ఊరు ఇది. నాలుగు దశల పీఎస్‌ఎల్‌వీలో ఏ దశలో ఘన ఇంధనం, ఏ దశలో ద్రవ ఇంధనం అనేది మాస్టారికి ఎక్కం లాగా వచ్చు. పొగ రాకుండా పోయే నౌకని ఆయన నౌకగా లెక్కేయరు. ఇక కిందికి దిగడానికి నౌక దిగదు, మనుషులు తళతళమని మాయమై గ్రహం మీద తేలతారు అనేసరికి, “కతలు పడమాకు” అన్నారు.

కత వెనక కారణం డబ్బు. వారం వారం అంత నౌకని నేల మీద దించినట్టు తీయాలంటే ఖర్చు మోయలేక, మనుషుల్ని మాయం చేసే పద్ధతి కనిపెట్టారు. ఆ తళతళలు అల్యూమినియం పొడి. నల్లటి తెర ముందు వెలుతురులో పొడి రాలుస్తూ, కెమెరాని తలకిందులుగా పెట్టి నెమ్మదిగా కదిలేట్టు తీశారు. జేజికి మాత్రం ఆ తళతళల పెట్టె బాగా నచ్చింది. “ఇట్టాంటిది ఆత్మకూరు బస్టాండు కాడ ఒకటి పెట్టిస్తే, బుచ్చికి పోయేదానికి గంట నిలబడే పని ఉండదు గదరా” అంటూ వంటింట్లోకి లేచిపోయింది. పులుసు చట్టి మూత తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు వినపడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక కథ. ఆ గ్రహం మీద డాక్టర్ మెకాయ్ పాత ప్రియురాలు నాన్సీ ఉంటుంది. ఆమె ఆయనకి పడుచుగా, కెప్టెన్‌కి వయసు మళ్లినదానిలా, మూడో మనిషికి అసలు వేరే అమ్మాయిలా కనపడుతుంది. మొహం మారినప్పుడల్లా పేపరు వెనక నుంచి “మళ్లీ సెట్టింగు మార్చినావా?” అని కేక. మూడోసారికి మనవడే అనుమానం వచ్చి మెనూ తెరిచి చూసుకున్నాడు.

నాన్సీ నాన్సీ కాదు. మనిషి ఒంట్లో ఉప్పంతా పీల్చి చంపే ప్రాణి. ఉప్పు అయిపోయి ఆకలితో అల్లాడుతుంటుంది.

“ఉప్పుకి ఇంత అగచాట్లా? ఇసకపల్లి ఉప్పు కొటార్లలో వదిలిపెడితే ఏడాది తిన్నా తరగదు” అంది జేజి, వచ్చి కూర్చుని. ఇదే ఎపిసోడ్ కోసం విచిత్రమైన ఆకారంలో ఉప్పు సీసాలు కొన్నారట. తీరా చూస్తే వాటిని ఉప్పు సీసాలని ఎవరూ గుర్తుపట్టరని, డాక్టరుగారి వైద్య పరికరాలుగా మార్చేశారు.

సగం కథలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది, టీవీ ఆగలేదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. టీవీ, రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు, వైఫై డబ్బా కలిపి మూడొందల వాట్లలోపు. నష్టాలు పోనూ నాలుగు గంటలు రావాలి. అయితే ఆ నాలుగు గంటలు నీళ్లు పోసిన బ్యాటరీకి. దీని పైనున్న తేలే పుల్లలు అన్నీ ఎరుపు దగ్గరికి కుంగిపోయి ఎన్నాళ్లయిందో. డిస్టిల్డ్ వాటర్ తగ్గి పలకలు గాలికి తేలితే ఆ తేలిన భాగం చెడిపోతుంది. బ్యాటరీ పైకి నిండుగానే ఉన్నట్టుంటుంది, ఇరవై నిమిషాలకే చేతులెత్తేస్తుంది. ఎత్తేసే ముందు పాపం చెబుతుంది. బీప్. బీప్. బీప్.

“ఏందిరా ఆ కూత?” అన్నారు మాస్టారు.

“బ్రిడ్జి సౌండు తాతా. నౌక నడిపే గదిలో అట్టా కూస్తానే ఉంటాయి.”

అది కూడా అబద్ధం కాదు. ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జి మీద ఒక్క నిమిషం నిశ్శబ్దం ఉండదు.

“మెట్ల కింద నించి వస్తా ఉందిరా.”

“సరౌండ్ ఎఫెక్ట్ జేజీ.”

1966లో ఆ సీరియల్ సౌండు మోనో. తర్వాత ఎంత కొత్తగా కలిపినా ఆ టీవీకున్న రెండు స్పీకర్లూ టీవీలోనే ఉన్నాయి, మెట్ల కింద లేవు. లెక్కల మాస్టారికైనా తట్టాల్సింది. కానీ తెర మీద వ్యవహారం ముదిరింది. నాన్సీ రూపంలో ఉన్న ప్రాణి చేతులు కెప్టెన్ మొహం మీద. ఎదురుగా తుపాకీ పట్టుకుని, కాల్చలేక డాక్టరు. పేపరు పూర్తిగా మడిచేసి నాయన ముందుకు వంగాడు. బీప్‌లు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. “అబ్బ, ఏం మ్యూజిక్ కొట్టినాడ్రా!” అన్నాడు.

టీవీ, ఫ్యాన్లు, లైట్లు ఒక్కసారే పోయాయి.

చీకట్లో అయిదుగురూ ఒకరిమీద ఒకరు అరుచుకుంటుంటే అమ్మకి పులుసు గుర్తొచ్చింది. కొరమీను ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, చట్టిని రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. దించబోయే ముందు మామిడికాయ ముక్కలు వేయాలి. సెల్‌ఫోన్ లైటు పళ్ల మధ్య పెట్టుకుని ఆ రెండూ చక్కగా చేసి, ఉప్పు వేశానో లేదో అనుమానం వచ్చి, వేయలేదని తేల్చుకుని, ఓ గుప్పెడు రాళ్లుప్పు వేసింది. ఆమె వేయలేదన్నది నిజం. బస్టాండు మాట అంటూ లేచిపోయిన జేజి వేసింది.

ఉప్పెక్కువైన పులుసులో బంగాళాదుంప వేస్తే పీల్చేస్తుందంటారు. దుంప ఉప్పునొక్కదాన్నే ఏరుకుని తినదు, ఉప్పుతోపాటు పులుసునీ తాగుతుంది. మిగిలింది అంతే ఉప్పన. చేయాల్సింది ముక్కలు విరక్కుండా పక్కకి తీసి, సగం పులుసు వంచేసి, ఉప్పు వేయని చింతపండు పులుసు పోసి మరిగించి, ముక్కలు మళ్లీ జారవిడవడం. ఇది అమ్మకీ తెలుసు. కానీ సెల్‌ఫోన్ ఛార్జింగ్ నాలుగు శాతానికి దిగింది, అందరికీ ఆకలి మండుతోంది.

కొవ్వొత్తి వెలుగులో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మాస్టారు మింగలేక కక్కలేక కూర్చున్నారు. నాయన చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు.

“చివరికేమైందిరా అది?” అంది జేజి.

“ఏమైంది, డాక్టరే తుపాకీతో కాల్చేస్తాడు. చచ్చిపోద్ది.”

జేజి చట్టిలోకి ఒకసారి తొంగి చూసింది.

“అన్యాయంగా చంపినార్రా. ఆ తళతళల పెట్టెలో ఎక్కించి ఈడికి తోలుంటే సరిపోయేది గదా.”