ఎనిమిది అంటే చాలు, నావైపే చూస్తారు

బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు అభిమానినని చెప్పడమే ఆలస్యం, ఎదుటివాడు బొటనవేళ్లు రెండూ ముడిచి మిగతా ఎనిమిదీ చూపిస్తాడు. 2020 ఆగస్టు 14, లిస్బన్, యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్, జర్మనీ జట్టు బయర్న్ చేతిలో 2-8. గుర్తుంది నాయనా, నువ్వు చెప్పక్కర్లేదు!

సగం ఆటకే 4-1. ఆ ఒక్కటీ మేం కొట్టింది కాదు, వాళ్ల అలాబా తన గోల్‌లోకి తనే తన్నుకున్నది. సరే, అదీ మింగేశాను. కానీ కౌటిన్యో! మేమే వాళ్లకి అరువిచ్చిన ఆటగాడు. 75వ నిమిషంలో దిగి, ఒక గోల్ అందించి, ఇంకో రెండు మాకే కొట్టి పోయాడు. ఇంటి కత్తే గొంతు కోసిందంటే నమ్మండి. కరోనా పుణ్యమా అని స్టేడియం ఖాళీ, అదొక్కటే అదృష్టం.

మొన్న మా అబ్బాయికి ఎనిమిదేళ్లు నిండాయంటే మా స్నేహితుడు ఒకటే నవ్వు. "చిన్నదానికి రెండారా?"

అవును, రెండే.