మామగారి మాత్ర, పెరట్లో పందికొక్కు

మా మామగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు. కొత్త పదం కనపడితే విడగొట్టందే ఆయనకి ముద్ద దిగదు. గుండెలో వాల్వు మార్చాక రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రాశారు, ఇంక స్ట్రిప్పు పట్టుకుని మొదలెట్టారు, "అల్లుడుగారూ, వార్ అంటే యుద్ధం, ఫరిన్ అంటే ఫారినేనా, ఏ సమాసం అంటారు?" అని.

నాకు తెలిసిందంతా కక్కేశా. యుద్ధం కాదండీ, అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల రీసెర్చ్ ఫౌండేషన్ ఒకటుంది, దాని ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరాలు కలిపితే వార్ఫ్, దానికి కూమరిన్ అనే కెమికల్ తోక కోసి అతికించారు అని. మామగారు మురిసిపోయారు. "పూర్వ విద్యార్థులంటే వాళ్లయ్యా, మావాళ్లు శాలువా కప్పి ఫొటో దిగి పోతారు."

అక్కడ ఆపితే సరిపోయేది. అక్కడి ఆవులు బూజుపట్టిన క్లోవర్ గడ్డి తిని రక్తం ఆగక చచ్చిపోతుంటే ఆ గడ్డిలో ఏముందా అని వెతకబోయి ఈ మందు దాకా వచ్చారనీ, 1948లో దీన్ని ముందు ఎలకల మందుగా అమ్మారనీ అన్నానో లేదో, వంటింట్లో గరిట కింద పడింది.

"ఎలకల మందా?" అన్నారు అత్తగారు.

"1954 నుంచి మనుషులక్కూడా ఇస్తున్నారండీ, తేడా అంతా డోసులోనే, ప్రెసిడెంట్ ఐసెన్‌హోవరే వేసుకున్నాడు."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"పోయాడండీ... 1969లో."

అంతే, ఆ రాత్రి 8 గంటలకి స్ట్రిప్పు మాయం. పొద్దున తేలిందేంటంటే, రెండు మాత్రలు నలిపి మిగిలిపోయిన గారెలో కూరి పెరట్లో పందికొక్కు బొరియ దగ్గర పెట్టారంట, మిగతావి బియ్యం డబ్బాలో దాచారంట. డాక్టరుకి ఫోన్ చేస్తే నన్నే తిట్టి, పోయిన డోసు పోనీండి, ఇవాళ డబుల్ మాత్రం వెయ్యొద్దు అన్నాడు. డబుల్ దాకా ఎందుకు, అసలు ఈవిడ స్ట్రిప్పు ఇస్తే కదా!

సాయంత్రం అయింది. గారె మొత్తం తిన్న పందికొక్కు తులసికోట పక్కనించి ఎప్పటికన్నా హుషారుగా పోతోంది. వార్ఫరిన్ ఒక్కపూట తింటే ఏం కాదు, వరసగా కొన్నాళ్లు తింటేనే చస్తాయి, కానీ ఈసారి నేను నోరెత్తలేదు. అత్తగారు గడప మీద నిలబడి అది గోడ దాటేదాకా చూసి, లోపలికెళ్లి బియ్యపు డబ్బాలోంచి స్ట్రిప్పు తీసి దులిపి మామగారి చేతిలో పెట్టారు.

"దీనికి ఆ పందికొక్కే చావలేదు, వేసుకోండి."