ఈసీ చూస్తాం, లింక్ డాక్యుమెంట్లు చూస్తాం, డ్రైనేజీ చాంబర్ మూత ఎవరు తీస్తారు?

హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాళ్లకి కాగితాల భయం ఎక్కువ. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే పాత ఈసీలన్నీ తీయిస్తారు, ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన లింక్ డాక్యుమెంట్లు లాయరు చేతిలో పెడతారు, ఇక 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని జాగా) అనే మాటలు వంటింట్లో కూడా వినిపిస్తున్నాయి. మంచిదే. కానీ కాంపౌండ్ గోడ వెంట ఏపుగా పెరిగిన కోనోకార్పస్ చెట్ల వేళ్లు ఎటు పోయాయో, బాల్కనీలోంచి కనిపిస్తున్న చెరువు నీలంగా కాకుండా పచ్చగా ఎందుకుందో అడిగేవాళ్లు చాలా తక్కువ. పైగా బ్రోకర్ ఆ రెండింటినీ ప్లస్ పాయింట్ల కింద చెప్పి గజానికి ఇంకాస్త ఎక్కువే అడుగుతాడు: "ఫుల్ గ్రీనరీ సార్, లేక్ వ్యూ సార్."

నన్నడిగితే ఆ గ్రీనరీ వల్ల ఎంత ఖర్చు మీద పడుతుందో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగాలి. అలాగని మొక్క పేరు వినగానే పారిపోనక్కర్లేదు.

ముందు కోనోకార్పస్. సొమాలియా, యెమెన్ వైపు నుంచి గల్ఫ్ మీదుగా మన దాకా వచ్చిన చెట్టు ఇది. తక్కువ నీళ్లు, వేగంగా ఎదుగుదల. 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ మొక్కల పథకం హరితహారంలో డివైడర్ల మీదా, ఆ ఊపులో గేటెడ్ కమ్యూనిటీల గోడల వెంటా వరసలు కట్టి నాటేశారు. తర్వాత ప్రభుత్వమే ఇక వద్దంది. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నిషేధించాయి. పుప్పొడితో ఎలర్జీలు వస్తాయన్న మాట మీద శాస్త్రవేత్తల్లో ఇంకా గొడవ నడుస్తోంది, దాని జోలికి నేను పోను. (అసలిది చెరువుల్ని పచ్చగా కప్పేసే గుర్రపు డెక్కలా తనంతట తాను ఊరు ఆక్రమించే రకం కూడా కాదు, మనమే తెచ్చి నాటాం.) ఇల్లు కొనేవాడికి కావాల్సింది వేళ్ల సంగతి. తేమ ఎక్కడుంటే వేరు అటే పోతుంది. పాత ఇండిపెండెంట్ ఇళ్లలో డ్రైనేజీకి వేసిన స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపుల జాయింట్లలో సిమెంట్ రాలిన చోట వెంట్రుక మందం వేరు దూరితే చాలు, లోపల మురుగునీళ్లే దానికి ఎరువు. కొన్నాళ్లకి చాంబర్ మూత తీస్తే నీళ్లు కనపడవు, ఎర్రటి పీచు చాపలా అల్లుకుని ఉంటుంది, ప్లంబర్ కొడవలితో కోసి ముద్దలు ముద్దలుగా బయటకి లాగాలి. అక్కడితో అయిపోదు. పైపు మార్చాలంటే పార్కింగ్ టైల్స్ పగలగొట్టాలి, సంపు గోడ కూడా ఓసారి చూసుకోవాలి.

అమ్మేవాళ్లు ఇక్కడే ఒక తెలివి చూపిస్తారు. ఇల్లు బేరానికి పెట్టే ముందు చెట్టు మొదలంటా కొట్టించి, పైన నాలుగు టైల్స్ వేయించి, గోడకి కొత్త రంగు కొట్టిస్తారు. కోనోకార్పస్ నరికితే చచ్చే చెట్టు కాదు, మోడులోంచి మళ్లీ గుంపుగా చిగురు పెడుతుంది. రిజిస్ట్రేషన్ అయిపోయి గృహప్రవేశం ఫొటోలు వాట్సాప్‌లో పెట్టాక టైల్స్ లేస్తాయి, అప్పుడు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

చెట్టు కొట్టించాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకి పెట్టిన వాల్టా చట్టం ఒకటుంది, అటవీ శాఖని అడగకుండా రంపం మిషన్ పెట్టించకండి.

గుర్రపు డెక్క వ్యవహారం వేరు. అది మీ గోడ లోపల ఉండదు కాబట్టి అమ్మేవాడు దానితో తనకేం సంబంధం లేనట్టు మాట్లాడతాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మూసీలోనూ, మురుగు కలిసే మన చెరువుల్లోనూ అంతలా పెరగడానికి కారణం నీళ్లలో కలిసే నత్రజని, భాస్వరం, అంటే మన బాత్రూమ్, వంటింటి నీళ్లు. పరిస్థితి అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అందుకే జీహెచ్‌ఎంసీ ఎన్నిసార్లు తీయించినా మళ్లీ కమ్ముకుంటుంది, మురుగు నాలా కలవడం ఆగనంత కాలం ఆ పని అయ్యేది కాదు. డెక్క కింద నీళ్లు కదలవు, దోమలకి అంతకంటే ఏం కావాలి? మాన్సోనియా అనే జాతి దోమ పిల్లలైతే నీటి మొక్కల వేళ్లకి గుచ్చుకుని అక్కడి నుంచే ఊపిరి తీసుకుంటాయి, పైకి రావాల్సిన పనే లేదు. కాబట్టి లేక్ వ్యూ ఫ్లాట్‌ని ఆదివారం పదకొండు గంటలకి చూసి మురిసిపోవడం కాదు, సాయంత్రం చీకటి పడే వేళ వెళ్లి బాల్కనీ తలుపు తీసి నిలబడాలి, పక్క ఫ్లాట్లలో ఎన్ని కిటికీలకి మెష్ బిగించారో చూడాలి. వర్షాలకి డెక్క కొట్టుకుపోయాకో, కొత్తగా తీయించాకో చూపించే చెరువుని అస్సలు నమ్మొద్దు.

ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామ (పార్థీనియం) కలుపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒంటికి తగిలితే దద్దుర్లు, ఉబ్బసం ఉన్నవాళ్లకి తంటా, కానీ పూతకి రాకముందే పీకిస్తే అదుపులో ఉంటుంది. దానికోసం బేరం వదులుకోవద్దు.

మరి చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చూడండి. వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే దాన్ని మోసంగానే చూస్తుంది. ఆ "మామూలు జాగ్రత్త" దగ్గరే అసలు మెలిక. గోడ పక్క చెట్టు, చెరువులో డెక్క కళ్లెదుట ఉన్నవే, వాటి మీద తర్వాత గొడవపడి లాభం తక్కువ. టైల్స్ కింద మూసుకుపోయిన పైపు, కప్పెట్టిన మోడు అలాంటివి కావు. కానీ అవి అమ్మేవాడికి ముందే తెలుసని నిరూపించాల్సింది మీరే, నోటిమాట మీద అది అయ్యే పని కాదు.

బ్రిటన్‌లో ఈ ప్రశ్నని కాగితం మీదే పెట్టారు. అక్కడ జపనీస్ నాట్‌వీడ్ అనే మొక్క ఉంటే బ్యాంకులు లోన్‌కి వెనకాడతాయి, ఇల్లు అమ్మేవాళ్లు నింపే ఫారంలో అది ఉందా, లేదా, తెలియదా అని అడుగుతారు. లండన్‌లో 2018లో 7 లక్షల పౌండ్లకి ఇల్లు అమ్మిన ఒకాయన "లేదు" అని టిక్ పెట్టాడు, షెడ్డు వెనకాల బయటపడింది, 2023లో కోర్టు కొన్నాయనకి 32 వేల పౌండ్ల పరిహారం ఇప్పించింది, లాయర్ల ఖర్చులతో కలిపి అమ్మినాయన చేతి చమురు 2 లక్షల పౌండ్లు దాటింది. అయితే అక్కడ భయం శృతి మించిన మాటా నిజమే. ఆ మొక్క భవనాలకి చేసే నష్టం మిగతా చెట్లకంటే ఎక్కువేం కాదని 2018లో ఒక అధ్యయనం తేల్చింది, 2022లో అక్కడ ఇళ్లని పరీక్షించి విలువ కట్టే సర్వేయర్ల సంస్థ కూడా తన నిబంధనలు సడలించింది. మనకి ఆ భయం అక్కర్లేదు, ఆ ప్రశ్న చాలు.

కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందే మీ ప్లంబర్‌ని తీసుకెళ్లి చాంబర్లన్నీ తెరిపించండి, అన్ని కుళాయిలూ ఒకేసారి వదలండి, వీలైతే పైపులోకి కెమెరా పంపించండి. ఇంట్లో ఏ చెట్లు కొట్టించారు, డ్రైనేజీ ఎప్పుడు రిపేర్ చేయించారు అన్నది అగ్రిమెంట్‌లో ఒక పేరాగా రాయించండి. దానికి అమ్మేవాడు నసిగితే రిపేర్ ఖర్చు అంచనా వేసి, ఆ మేరకు ధర తగ్గించమనండి. అమ్మేవైపు మీరుంటే చాంబర్ శుభ్రం చేయించిన బిల్లు, మార్చిన పైపు ఫొటో దాచిపెట్టుకోండి. కొనేవాడు బేరానికి దిగినప్పుడు కొత్త రంగు కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.