కంటి ఫొటో తీశారు సరే, ఎ1సి చేయించారా?

‘షుగరు బార్డర్‌లో ఉందన్నారు’ అని చెప్పేవాళ్లు కంగారుపడరు, వినేవాళ్లూ పడరు. మందులు రాయలేదు కాబట్టి జబ్బు లేదనే మన లెక్క. కానీ కంటి లోపలి సన్నని రక్తనాళాలు దెబ్బతినడం, మూడు నెలల సగటు షుగరు చెప్పే ఎ1సి రక్తపరీక్షలో అంకె షుగరు జబ్బు గీత అయిన 6.5 దాటేదాకా ఆగదు. అమెరికాలో బార్డర్ షుగరు ఉన్నవాళ్లతో నడిచిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో ఇంకా షుగరు రానివాళ్లకు కూడా రెటీనా (కంటి వెనక పొర) ఫొటోలు తీశారు. వాళ్లలో దాదాపు 8 శాతం మందికి షుగరు జబ్బులో కనిపించే తరహా మచ్చలే ఉన్నాయి. అప్పుడప్పుడే షుగరు బయటపడినవాళ్లలో అవి దాదాపు 13 శాతం మందికి కనిపించాయి.

సన్న రక్తనాళాల గోడకు పెరిసైట్లనే కణాలు దన్నుగా ఉంటాయి. అవి చచ్చిపోయిన చోట గోడ బలహీనపడి చిన్న బుడగలా ఉబ్బుతుంది. ఫొటోలో అది గుండుసూది మొనంత ఎర్రచుక్క. బుడగ చిట్లితే రక్తపు మరక పడుతుంది. అందులోంచి కొవ్వు కారి పేరుకుంటే పసుప్పచ్చటి మచ్చ కడుతుంది. ఈ దశలో చాలామందికి చూపు తగ్గదు. అందుకే ‘నాకు బాగానే కనబడుతోందిగా’ అన్న మాటను నమ్ముకుని లాభం లేదు.

చుక్కల కంటే ముందే నాళాల వెడల్పు మారుతుందన్నది మరో సంగతి. రెటీనాలో ధమని, సిర మామూలుగా 2:3 పాళ్లలో ఉంటాయి. సిరలతో పోలిస్తే ధమనులు బాగా సన్నబడినవాళ్లకు తర్వాతి ఏళ్లలో షుగరు ఎక్కువగా వచ్చిందని అమెరికాలోనే జరిగిన ఎరిక్ అధ్యయనం 2002లో చెప్పింది. అయితే బీపీ ఉన్నా ధమనులు సన్నబడతాయి, పొగ తాగినా సిరలు ఉబ్బుతాయి. వేలమంది సగటులో తేలే ఈ తేడాను ఒక్కరి ఫొటోలో చూసి జోస్యం చెప్పలేం. ‘కంటి ఫొటోతో షుగరు ముందే పట్టేస్తాం’ అనే ప్రకటనలను అందుకే మేం నమ్మం. అమెరికాలో 2018లో మొదటిసారి అనుమతి పొందిన ఏఐ పరికరం కూడా, అప్పటికే షుగరున్న పెద్దవాళ్ల రెటీనా ఎంత చెడిందో చూడటానికే.

ఫొటో రోగాన్ని తేల్చదు, రక్తపరీక్షకు దారి చూపిస్తుంది. ఆ దారి మధ్యలో తెగిపోవడమే మా ఫిర్యాదు. అమెరికాలో కళ్లద్దాలకు ఒక ఇన్సూరెన్స్ కార్డు, ఒంటికి ఇంకో కార్డు. అద్దాల కోసం వెళితే, కళ్లు చూసి నంబరు రాసే ఆప్టోమెట్రిస్ట్ చుక్క చూసి ‘మీ డాక్టర్‌కి చెప్పండి’ అంటారు. కొత్త ఫ్రేము ఎంచుకునే సందడిలో ఆ మాట అక్కడే ఉండిపోతుంది.

కాబట్టి ఫొటో, రిపోర్టు అడిగి తీసుకుని ఆ రోజే ఫ్యామిలీ డాక్టర్‌కు పంపండి. ఎ1సి, పరగడుపు షుగరు, బీపీ మూడూ చూపించుకోండి. ఎ1సి 5.7 నుంచి 6.4, పరగడుపున 100 నుంచి 125 ఉంటే బార్డర్. ఐరన్ తక్కువైతే ఎ1సి ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రెండు అంకెలూ పొసగకపోతే 75 గ్రాముల గ్లూకోజు తాగించి 2 గంటలకు చేసే పరీక్ష అడగండి. ‘నేను సన్నగానే ఉన్నా’ అనుకునేవాళ్లకో లెక్క: ఆసియావాళ్లకు షుగరు పరీక్ష చేయించుకోవాల్సిన బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు) హద్దు 25 కాదు, 23. అంటే 170 సెంటీమీటర్ల మనిషికి 147 పౌండ్లే. 35 ఏళ్లు నిండాక బరువుతో పనిలేకుండా పరీక్ష చేయించాలి.

షుగరని తేలితే ఆ వెంటనే కంట్లో చుక్కల మందు వేసి రెటీనా చూడాలి. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 షుగరు బయటపడేసరికే కొన్నేళ్లుగా ఒంట్లో ఉండి ఉండవచ్చు. కంటిపాప పెద్దది కావడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, మసక 4 నుంచి 6 గంటలుంటుంది. కారు నడపడానికి ఇంకొకరిని, నల్లద్దాలను వెంట తీసుకెళ్లండి. చుక్కల మందు వేయకుండా, డబ్బు కట్టించుకుని తీసే వెడల్పాటి ఫొటో మంచిదే గానీ, పూర్తి పరీక్షకు బదులు కాదు. షుగరు బాగా ఎక్కువున్నప్పుడు అద్దాల నంబరు కూడా మారుతుంది. కంటి కటకం ఉబ్బడమే కారణం. షుగరు కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త అద్దాలు చేయించుకోండి, లేకపోతే ఆ ఖర్చు దండగ. షుగరు, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాళ్లు, అప్పటికే రెటీనా దెబ్బతిని ఉంటే, ముందు కంటి డాక్టర్‌ను కలవాలి. షుగరు ఒక్కసారిగా దిగితే రెటీనా కొంతకాలం ఇంకా చెడవచ్చు.

ఆరు నెలలకని అమెరికా వచ్చే అమ్మానాన్నలకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విమానం ఎక్కకముందే ఈ పరీక్ష చేయించి, ఫొటో కాపీ ఫోన్‌లో పెట్టించండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లు పాత జబ్బులకు సాధారణంగా డబ్బివ్వవు.

ఇక మన సంఘాల హెల్త్ క్యాంపులు. ఉగాది భోజనాల్లో బొబ్బట్లు తిన్నాక వేలు గుచ్చి చూస్తే, 200 దాటితే తప్ప ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు. దాని బదులు ఎ1సి పెట్టండి. రెటీనా కెమెరా తెప్పిస్తే, చుక్క కనిపించినవాళ్ల ఫోన్ నంబరు వాళ్లను అడిగే రాసుకుని, నెల తర్వాత ‘ఎ1సి ఎంత వచ్చింది?’ అని కనుక్కునే వలంటీరును కూడా పెట్టండి. అంత ఓపిక లేకపోతే కెమెరా అద్దె డబ్బు భోజనాలకే ఖర్చుపెట్టుకోవచ్చు.