బజ్జీ పొట్లంలో దిగిన సూపర్‌మాన్

చిన్నప్పుడు కామిక్స్ చదవబట్టే విలువలు నేర్చుకున్నామని నలభై దాటిన మగవాళ్లు ఈ మధ్య కళ్లొత్తుకుంటున్నారు. అట్ట నలగకుండా దాచుకున్నామని కూడా చెబుతున్నారు. ఈ చరిత్రను సరిదిద్దక తప్పదు. కర్నూలుకు సూపర్‌మాన్ వచ్చింది పుస్తకంలో కాదు, పొట్లంలో.

1938లో అమెరికాలో పది సెంట్ల పత్రికలో పుట్టిన ఈ మహానుభావుడు తుపాకీ గుండు కన్నా వేగంగా పోతాడని ప్రతీతి. నాకు కనిపించింది 1984లో, కొండారెడ్డి బురుజు దగ్గర ఒక అవ్వ బజ్జీల బండి మీద. అంటే 46 ఏళ్ల ప్రయాణం. దారిలో రెండుచోట్ల చెడిపోయినా ఎర్రబస్సు ఇంతకన్నా ముందే వచ్చి ఉండేది.

ఆ కాగితం ఇప్పటికీ కళ్లముందుంది. మూడు మిరపకాయ బజ్జీల నూనె పీల్చి గాజుపలకలా తయారైంది. వెలుతురుకు పట్టుకుంటే ఇటువైపు ఎగురుతున్న సూపర్‌మాన్, అటువైపు బట్టతల దుర్మార్గుడు ఒకే ఒంట్లో కలిసిపోయి కనిపించారు. మంచీ చెడూ ఒకే మనిషిలో ఉంటాయని పెద్దలు లావుపాటి గ్రంథాలు రాశారు. నాకు శనగపిండి పలుకులతో సహా అరక్షణంలో బోధపడింది. మాటలు ఇంగ్లీషులో ఉన్నా ఇబ్బంది కలగలేదు. దుర్మార్గుడి నోట మా లెక్కల మాస్టారి తిట్లు పెట్టుకున్నాను. అతికినట్టు సరిపోయాయి.

తర్వాతి పేజీ పక్కాయన ఉగ్గానితో పాటు వెళ్లిపోయింది. దాని కోసం నెల రోజులు బజ్జీలు తిన్నాను. “అవ్వా, బొమ్మల కాగితంలో కట్టివ్వవా?” అంటే, “నీకు కావాల్సింది బజ్జీనా, కాగితమా నాయనా?” అని అడిగేది. నిజం చెప్పలేకపోయాను. కడుపులో మంట వచ్చింది గానీ కథకు ముగింపు రాలేదు.

సూపర్‌మాన్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. సూర్యుడే తన బలమని చెప్పుకునేవాడు పసితనంలో అమెరికాలోని కాన్సస్ పొలాల్లో ఎందుకు దిగినట్టు? మే నెల కర్నూలును మించిన ఎండ అక్కడెక్కడిది? పోనీ, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడైనా వచ్చాడా? మేడలెక్కి ఆకాశం వైపు చూసినవాళ్లకు కనిపించింది హెలికాప్టర్లే.

సూపర్‌మాన్ పుట్టిన ఆ తొలి సంచిక ప్రతుల్లో ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. అది ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి నిపుణులు 10కి 8.5 మార్కులు వేసి, ప్లాస్టిక్ పలకల మధ్య బిగించారు. కొన్నాయన దాన్ని తెరిచి చదువుకోవడానికి వీల్లేదు. మా అవ్వ బండి దగ్గర చదవని కాగితమంటూ ఉండేది కాదు.

ఇంత చెప్పిన నేనూ మొన్న ఒక పాత సంచిక తెప్పించుకున్నాను, నాటి బజ్జీ ధరకు వెయ్యి రెట్లు పోసి. మా అబ్బాయి బజ్జీ తింటూ దగ్గరికి వచ్చాడు. “ముందు చేతులు కడుక్కో!” అని అరిచాను. వాడు కడుక్కొచ్చేసరికి బీరువాకు తాళం వేసేశాను.