నలభై మందికి ఒకే నానమ్మ

జూన్‌లో మా వాడి స్కూలు నుంచి వాట్సాప్‌లో ఒక శుభవార్త వచ్చింది. మా వాడు ఎనిమిదో తరగతి. పిల్లల ఉజ్వల భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని వారానికి ఆరు సోషల్ పీరియడ్లలో నాలుగింటిని ఐఐటీ ఫౌండేషన్‌కు ఇచ్చేస్తున్నారట. సోషల్ సిలబస్ సంగతి ఏం దిగులు పడక్కర్లేదు, పరీక్షల ముందు పదిహేను రోజుల్లో లాగించేస్తారట. కింద దండం పెడుతున్న బొమ్మ. ఐదు నిమిషాల్లో ముప్పై బొటనవేళ్లు పైకి లేచాయి. ఒక తండ్రి మాత్రం కాస్త అసంతృప్తిగా, "ఆ మిగిలిన రెండు పీరియడ్లు కూడా ఎందుకండీ?" అని అడిగాడు. పిల్లలు కునుకు తీయడానికి ఆ మాత్రం ఉండాలని నా ఉద్దేశం. గ్రూపులో అనలేదు. మా వాడు ఇంకా రెండేళ్లు అక్కడే చదవాలి.

ఈ నిర్ణయం వెనకున్న దూరదృష్టిని నేను మెచ్చుకోకుండా ఉండలేను. పదిహేను రోజులంటే తక్కువేం కాదు. సింధులోయ వాళ్లు సోమవారం పొద్దున పట్టణాలు కట్టుకుని ఇంటర్వెల్‌కల్లా అంతరించిపోతారు. మొఘలులు లంచ్ తర్వాత వచ్చి బెల్లు కొట్టేలోపు వెళ్తారు. హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలపడానికి సర్దార్ పటేల్‌కు, సైన్యానికి 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా ఐదు రోజులు పట్టింది. మా స్కూలు ఆ పనిని ఇరవై నిమిషాల్లో ముగిస్తుంది, మిగతా ఇరవై నిమిషాలూ 'బిట్స్'.

ఇక సోషల్ సార్. అయ్యో, ఆయన ఖాళీగా ఉంటారేమోనని మీరు బాధపడకండి. ఫౌండేషన్ సార్‌కు ఏసీ గది ఉంది, తిరిగే కుర్చీ ఉంది. సోషల్ సార్‌కు విజిల్ ఉంది. బస్సుల ఇన్‌చార్జి ఆయనే. ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చునేదీ ఆయనే, ఫీజు బకాయిలకు ఫోన్లు చేసేదీ ఆయనే. ఒకరోజు గేటు దగ్గర నాతో మెల్లగా అన్నారు, పిల్లల్ని ఒకసారి ఉస్మానియా ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఉందని. నేను కంగారుపడ్డాను. ఆయన చెప్తున్నది ఆ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గురించి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద వచ్చాకే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మా పిల్లల బస్సు రోజూ మూసీ దాటుతుంది. కంపు రాగానే కిటికీ అద్దాలు మూయాలని మాత్రం వాళ్లకు తెలుసు, అది నది అని తెలియదు. సరే, ప్రిన్సిపాల్ అనుమతి ఇవ్వలేదు. ఫీల్డ్ ట్రిప్‌కు వాటర్ పార్కుకు తీసుకెళ్లారు. నీళ్లే కదా.

అసలు నా బాధ ఇది కాదు. అసలు బాధ ఐదు మార్కులది.

ఫార్మేటివ్ అసెస్‌మెంట్ అని ఒకటుంది కదా, అందులో ప్రాజెక్టుకు ఐదు మార్కులు. పిల్లలు పుస్తకం వదిలి బయటికి వచ్చి, నాలుగు ఇళ్లు తిరిగి, నలుగురితో మాట్లాడి, తెలుసుకున్నది రాసుకు రావాలని ఎవరో మంచివాళ్లు ఆలోచించి పెట్టారు. మా వాడికి వచ్చిన ప్రాజెక్టు: 'హైదరాబాద్ సంస్థానంలో ప్రజల జీవితం గురించి మీ ఇంట్లోని పెద్దలతో ముఖాముఖి'. నాకు సంతోషంతో నోట మాట రాలేదు. ఎందుకంటే మా ఇంట్లో మా అమ్మ ఉంది. ఎనభై ఆరేళ్లు. నేను ఆఖరి సంతానం, నా పెళ్లీ ఆలస్యమే, అందుకే మనవడికి ఈ నానమ్మ మిగిలింది. సూర్యాపేట దగ్గర పల్లెలో పుట్టింది. రజాకార్లను కళ్లతో చూసిన మనిషి. ముందుగదిలో, టీవీకి ఎదురుగా, మంచం మీద, పూర్తిగా ఖాళీగా ఉంది.

"డాడీ, దిల్‌సుఖ్‌నగర్ పోదాం పా" అన్నాడు మా వాడు.

"ఎందుకురా?"

"ప్రాజెక్టు కొనాలి."

కోచింగ్ సెంటర్ల సందులో ఒక స్టేషనరీ షాపు. అట్టలు, చార్టులు, థర్మాకోల్ ముక్కలు. కౌంటర్ మీద ఉన్నతను తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ క్లాసు సార్?"

"ఎనిమిది."

"పెద్దలతో ముఖాముఖియా? నానమ్మనా, అమ్మమ్మనా, తాతనా?"

నాకు అర్థం కాలేదు. తేడా ఏంటని అడిగాను.

"నానమ్మ, అమ్మమ్మ ఒకటే రేటు. తాతకు ఇరవై ఎక్కువ. తాత జైలుకు పోయిండు."

కలర్ నానమ్మ ఎనభై రూపాయలు, బ్లాక్ అండ్ వైట్ నానమ్మ నలభై. స్పైరల్ బైండింగ్ విడిగా. పక్కన ఇంకో కట్ట ఉంది: 'మా కాలనీలో మంచినీటి సరఫరా, యాభై ఇళ్ల సర్వే'. యాభై ఇళ్ల వివరాలూ నింపేసి ఉన్నాయి. "నీళ్లొచ్చే కాలనీ ఉంది, రాని కాలనీ ఉంది. ఏది గావాలె?" అన్నాడు. సర్పంచ్‌తో ఇంటర్వ్యూ ఉంది. రైతుతో ఉంది. రైతు, సర్పంచ్ రెండూ తీసుకుంటే స్టిక్కర్లు ఫ్రీ. ఒక మధ్యాహ్నం పూట సమాజం మొత్తాన్ని నాలుగడుగుల కౌంటర్ మీద సర్దిపెట్టిన మనిషిని చూస్తే గౌరవం కలిగింది. స్కూళ్లో సోషల్ మీద ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లు నాకు కనిపించలేదు.

కలర్ నానమ్మనే తెచ్చుకున్నాం. అట్ట మీద ఆవిడ ఫొటో, ముక్కుకు పెద్ద రింగు, తలపై ముసుగు. చూస్తే రాజస్థాన్ మనిషిలా ఉంది. పేరు దగ్గర గీత వదిలారు, ఎవరి నానమ్మ పేరు వాళ్లు రాసుకోవచ్చు. వయసు మాత్రం అచ్చులోనే ఉంది: 78. తడుముకోకుండా ఇంగ్లిష్ మాట్లాడుతుంది. నేను లెక్క వేశాను. సైన్యం వచ్చినప్పుడు ఈవిడ ఉయ్యాల్లో ఉండి ఉండాలి. ఉయ్యాల్లోంచే నిజాం పాలన, జాగీర్దారీ, వెట్టిచాకిరీ అన్నీ గమనించి, పాయింట్ల వారీగా గుర్తుపెట్టుకుంది. ఫౌండేషన్ కోసం పొద్దున ఆరింటికి లేచే పిల్లలు నలభై మంది ఈ నానమ్మను కొన్నారు. ఒక్కడికీ ఈ తీసివేత తట్టలేదు.

సాయంత్రం మా వాడు ముందుగదిలో కూర్చుని, గీత మీద మా అమ్మ పేరు రాస్తున్నాడు. పేరు స్పెల్లింగ్ కోసం అడిగితే మా అమ్మ మురిసిపోయింది.

"నా పేరెందుకు బిడ్డా?"

"నీ ఇంటర్వ్యూ నానమ్మా."

"నేనేం చెప్పిన?"

వాడు పాపం నిజాయితీపరుడు. తెలుగు చేసి చదివి వినిపించాడు. 'నా చిన్నతనంలో ప్రజలు అనేక కష్టాలు పడేవారు. రవాణా సౌకర్యాలు అభివృద్ధి చెందలేదు. నేటి యువత బాగా చదివి దేశాభివృద్ధికి తోడ్పడాలి.'

మా అమ్మ కాసేపు విని అంది. "గట్లేం లేకుండె. మేము మూడు దినాలు జొన్నచేన్ల పన్నం. తమ్ముడు ఏడుస్తడని వాని నోట్లె మా అవ్వ కొంగు కుక్కింది."

"తర్వాత చెప్పు నానమ్మా, మళ్లీ ఫిజిక్స్ వర్క్‌షీట్ ఉంది."

నేను మా వాడిని ఏమీ అనలేదు. వాడిదేం తప్పుంది? పదమూడేళ్ల పిల్లవాడు, వాడిని పదింటిదాకా వర్క్‌షీట్ల మీద కట్టేసింది మనం. ఆ ముప్పై బొటనవేళ్లలో నాది కూడా ఉంది, ఇప్పుడు దాచి లాభమేంటి. కానీ ఆ ప్రాజెక్టును గుడ్డిగా టిక్కు కొట్టి మూలన పారేసేవాళ్లకు, సోషల్ సార్ చేతిలో పుస్తకం లాక్కుని విజిల్ పెట్టినవాళ్లకు సిగ్గుండాలి. బతికున్న మనిషి, నోట్లో కొంగు కుక్కిన సంగతి చెప్పడానికి నోరు తెరిస్తే, అది సిలబస్‌లో లేదని ఇంట్లో ఎవరూ వినకుండా చేసింది మీ చదువు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న కడవెండిలో తూటాకు పడిపోయాడని పుస్తకంలో ఒక లైను ఉంది. ఆ లైను మీదుగా పిల్లలు హైలైటర్ గీసుకుంటూ వెళ్తారు, ఎందుకంటే అది ఒక మార్కు బిట్. ఎందుకు కాల్చారు, ఎవరు కాల్చారు అని ఎవడైనా చెయ్యెత్తితే 'అది మెటీరియల్‌లో లేదు, కూర్చో'. ఫీజు మాత్రం లక్షల్లో తీసుకుంటారు, దొంగలు.

సరే. కోపం ఆరోగ్యానికి మంచిది కాదు.

పైగా ఈ సోషల్ ఎక్కడికీ పోదు. మీకు నమ్మకం లేకపోతే ఒకసారి ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లండి, లేదా చిక్కడపల్లి లైబ్రరీకి. ఫౌండేషన్ చదివి, ఇంటర్‌లో ఎంపీసీ చదివి, బీటెక్ పాసైన పాతికేళ్ల వాళ్లు వందల్లో కూర్చుని ఉంటారు. వాళ్ల చేతిలో ఏముంటుందో తెలుసా? ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం. అండర్‌లైన్లు గీసుకుని, భక్తిగా. సర్కారీ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షలో నాలుగో పేపరు 150 మార్కులకు మొత్తం తెలంగాణ ఉద్యమమే, మొదలయ్యేదే 1948 నుంచి. మా వాడి పాత సోషల్ పుస్తకం కొత్తది కొన్నట్టే ఉంది, మడత పడలేదు. అమ్మడం లేదు. పన్నెండేళ్లకు వాడికే పనికొస్తుంది, అప్పుడు కోచింగ్ ఫీజు ఒక్కటి కట్టుకుంటే చాలు.

ఇంటర్‌లో హెచ్‌ఈసీ, అదే చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ గ్రూపు, ఉందా అని ఆ స్కూలు వాళ్ల కాలేజీలోనే అడిగి చూశాను, సరదాకి. కౌంటర్లో అమ్మాయి అదేం టెస్టు సార్ అంది.

ప్రాజెక్టు మార్కులు వచ్చాయి. ఐదుకు ఐదు. క్లాసులో ముప్పై తొమ్మిది మందికీ ఐదే. బ్లాక్ అండ్ వైట్ నానమ్మను కొన్న ఒక్క పిల్లవాడికి నాలుగున్నర.

సంగతి చెబితే మా అమ్మ చాలాసేపు ఆ అట్ట మీద ఫొటోనే చూస్తూ కూర్చుంది. ముక్కు రింగును వేలితో తడిమింది.

"గీమె ఏ ఊరిదో కనుక్కో కొడుకా" అంది. "గామె కాడికి ఒక్కపారి తోల్కపో. ఇద్దరం గూసోని మాట్లాడుకుంటం."